350 నుంచి 10కి ఎటు వెళ్ళాలి?

ముందుగా ఒక చిన్న లెక్క. ఒక గుండ్రటి బల్ల 350 డిగ్రీల దగ్గర ఆగి ఉంది. దాన్ని 10 డిగ్రీల దగ్గరికి తేవాలి. ఎంత తిప్పాలి? ఇరవై డిగ్రీలు ముందుకి అని మీలో చాలామంది ఈపాటికే అనేసి ఉంటారు. మూడొందల నలభై డిగ్రీలు వెనక్కి అన్నవాళ్ళదీ తప్పేం కాదు. రెండు దారుల్లో ఎటు వెళ్ళినా చేరేది అక్కడికే. అదే తిన్నటి గీత మీదైతే ఈ గొడవే లేదు. 350 నుంచి 10కి ఒకటే దారి, వెనక్కి రావడమే.

ఇదేదో ఐదో తరగతి పిల్లల పొడుపు కథలా ఉంది కదా! కానీ సిఎన్‌సి మెషీనింగ్ సెంటర్లో తిరిగే బల్లకి ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. ప్రోగ్రాములో ఎక్కడికి వెళ్ళాలో రాస్తారు. ఎటువైపు నుంచి వెళ్ళాలో ఎవరు చెప్తారు? మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ లక్షలమందిలో నేనూ ఒకణ్ణి. పగలంతా కోడ్ రాసే ఉద్యోగమే అయినా, ఆ పాత చదువు మీద మమకారం చావలేదు. అందుకే ఈ ప్రశ్నకి రెండొందల యాభై ఏళ్ళలో ఎవరెవరు ఏం జవాబు చెప్పారో వెతుక్కుంటూ వెళ్ళాను. నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి జవాబు లండన్‌లో దొరుకుతుంది. 1770లలో జెస్సీ రామ్స్‌డెన్ అనే పరికరాల తయారీదారు వృత్తాన్ని సమభాగాలుగా గీసే యంత్రం ఒకటి కట్టాడు. ఓడల మీద వాడే సెక్స్‌టెంట్ల మీద డిగ్రీ గీతలు గీయడం దాని పని. అందులో ఓ పెద్ద చక్రం, దాని అంచున 2160 పళ్ళు, వాటిలో ఇమిడే ఒక మరచుట్టు. 360ని ఆరుతో గుణిస్తే 2160. అంటే మర ఒక చుట్టు తిరిగితే చక్రం డిగ్రీలో ఆరోవంతు, పది నిమిషాల కోణం, జరుగుతుందన్నమాట. కాలితో తొక్కితే మర ముందుకి తిరుగుతుంది, కాలు తీస్తే తొక్కుడుబల్ల మాత్రమే వెనక్కి వస్తుంది, చక్రం కదలదు. బ్రిటన్ లాంగిట్యూడ్ బోర్డు ఆయనకి డబ్బిచ్చి, దీని వివరాలన్నీ 1777లో అచ్చు వేయించింది. ఇక్కడ దిశ ఎవరు నిర్ణయించారు? యంత్రమే. ఎటు తిరగాలన్నది ఇనుములోనే ఉంది, వెనక్కి తిప్పుదామన్నా కుదరదు.

రెండో జవాబు అమెరికాలోని ప్రావిడెన్స్ నుంచి. అక్కడ అంతర్యుద్ధం రోజుల్లో తుపాకులు చేసేవాళ్ళకి ట్విస్ట్ డ్రిల్లులు కావలసి వచ్చాయి. డ్రిల్లు మీద మెలికలు తిరిగిన గాడిని పనివాళ్ళు గుండ్రటి ఆకురాయితో చేత్తో రాకేవారు. బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీకి చెందిన జోసెఫ్ బ్రౌన్ 1861-62లో ఆ పనికోసం యూనివర్సల్ మిల్లింగ్ మెషీన్ తయారుచేశాడు. దానితోపాటు వచ్చిందే డివైడింగ్ హెడ్. ఇంజనీరింగ్‌లోనో డిప్లొమాలోనో వర్క్‌షాప్ చేసినవాళ్ళకి ఆ మాట వినగానే నలభై గుర్తొచ్చి తీరాలి. వాడుకలో స్థిరపడిన లెక్క ప్రకారం పిడి నలభైసార్లు తిప్పితే జాబ్ ఒక్కసారి తిరుగుతుంది. ఎన్ని పళ్ళు కోయాలో ఆ సంఖ్యతో నలభైని భాగించు, అన్ని చుట్లు తిప్పు. అంతే.

ఆ వర్క్‌షాప్‌లో మాస్టారు ఇంకో మాట కూడా చెప్పేవారు. పిడి ఎప్పుడూ ఒకేవైపు తిప్పాలి. పొరపాటున రంధ్రం దాటిపోతే, ఊరికే అంత వెనక్కి తెచ్చి ఆపకూడదు. ఇంకాస్త ఎక్కువ వెనక్కి తెచ్చి, మళ్ళీ ముందుకి తిప్పుకుంటూ రావాలి. ఎందుకంటే వర్మ్‌కీ గేరు పళ్ళకీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. దాన్ని బ్యాక్‌లాష్ అంటారు. దిశ మార్చినప్పుడల్లా పిడి ఆ ఖాళీ మేర తిరుగుతుంది గానీ జాబ్ కదలదు. కాబట్టి ఏ చోటికి చేరామన్నది ఎటునుంచి చేరామన్నదాని మీద ఆధారపడుతుంది. కాగితం మీద 10 డిగ్రీలంటే 10 డిగ్రీలే. ఇనుములో మాత్రం ఇటునుంచి వచ్చిన 10 వేరు, అటునుంచి వచ్చిన 10 వేరు. ఇక్కడ దిశని నిర్ణయించింది పనివాడి చెయ్యి. ఆ జ్ఞానం కూడా వాడి చేతిలోనే ఉండేది.

ఇక మూడో అంకం. 1940లలో మిచిగాన్‌లోని ట్రావర్స్ సిటీలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క ఆకారానికి కావలసిన వంపుని ఫ్రాంక్ స్టూలెన్ ఐబిఎం పంచ్‌కార్డు యంత్రాలతో లెక్కగట్టి, వందల బిందువులుగా పట్టికలు తీశాడు. ఒకరు అంకెలు పైకి చదువుతుంటే ఇద్దరు చెరో హ్యాండిల్ తిప్పేవారు. ఆ ముగ్గురి బదులు అంకెలే నేరుగా మెషీన్‌ని నడిపితే ఎలా ఉంటుందన్నది పార్సన్స్ ఆలోచన. 1949లో అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. పని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ లాబొరేటరీ చేతికి వెళ్ళింది. 1952 సెప్టెంబర్‌లో వాక్యూమ్ ట్యూబులు, రిలేలు నిండిన ఒక పెద్ద పెట్టె సిన్సినాటి మిల్లింగ్ మెషీన్‌ని కాగితం టేపు చూసి నడిపించింది. ఎక్స్, వై, జెడ్ మూడు అక్షాలు, మూడూ తిన్నటి గీతలే. 350 నుంచి 10కి ఎటు అన్న ప్రశ్న అక్కడ పుట్టే అవకాశమే లేదు.

అదే రోజుల్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలు ప్రయత్నించిన రికార్డ్-ప్లేబ్యాక్. అనుభవం ఉన్న పనివాడు మొదటి జాబ్‌ని స్వయంగా కోస్తాడు, వాడి కదలికలన్నీ టేపు మీద రికార్డు అవుతాయి, తర్వాతి జాబ్‌లన్నీ ఆ టేపే కోస్తుంది. మన పాటల క్యాసెట్ లాగన్నమాట. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో రాసిన 'ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్' పుస్తకంలో ఈ రెండు దారుల కథా వివరంగా ఉంది. అంకెల పద్ధతి గెలవడానికి సాంకేతిక కారణాలు మాత్రమే కాదు, పని మీద పట్టు పనివాడి నుంచి ఆఫీసుకి మార్చాలన్న కోరిక కూడా ఉందని ఆయన వాదన. ఆ వాదన మొత్తం ఒప్పుకోవాలనేం లేదు. హెలికాప్టర్ రెక్కలాంటి వంపుని ఎంతటి పనివాడైనా చేత్తో అంత కచ్చితంగా కోయలేడు, రికార్డు చేయడానికి మొదటి జాబ్ ఉండాలి కదా. కానీ మన ప్రశ్నకి సంబంధించి ఒక్కటి మాత్రం నిజం. చేతి కదలిక రికార్డు చేస్తే దిశ దానంతటదే వచ్చేస్తుంది. చేరవలసిన చోటుని అంకెగా రాస్తే దిశ జారిపోతుంది.

జారిపోయిన ఆ దిశ అవసరం త్వరలోనే వచ్చింది. 1950ల చివర్లో కెర్నీ అండ్ ట్రెకర్ కంపెనీ మిల్వాకీ-మాటిక్ అనే మెషీన్ తెచ్చింది. పనిముట్లని తనే మార్చుకుంటుంది, జాబ్‌ని బల్ల మీద తిప్పి పక్కముఖాలన్నీ ఒకే సెట్టింగ్‌లో కోస్తుంది. ఇవ్వాళ మెషీనింగ్ సెంటర్ అంటున్న జాతికి అదే ముత్తాత. ఇదే సమయంలో ఎంఐటీలో డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసింది. 1959 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపిస్తూ, దాంతో కోసిన అల్యూమినియం యాష్‌ట్రేలు విలేకరులకి పంచిపెట్టారు. ఆ భాషలో బల్లని తిప్పమనే ఆజ్ఞకి కోణంతో పాటు ఒక మాట కూడా చేర్చడానికి వీలుంది. సీఎల్‌డబ్ల్యూ అంటే గడియారం తిరిగే వైపు, సీసీఎల్‌డబ్ల్యూ అంటే దానికి ఎదురు. ఎంత హాయి! దిశని ప్రోగ్రామర్ నిర్ణయిస్తాడు, నిర్ణయించినది మాటల్లో రాస్తాడు, చదివినవాడికి సందేహం ఉండదు.

గడియారం వైపు సరే, గడియారాన్ని ఎటునుంచి చూస్తున్నట్టు? పైనుంచా, కిందనుంచా? ఈ తగువు ప్రమాణాల సంఘాలు తీర్చాయి. ఐఎస్ఓ 841 అన్న పత్రం మొదట 1968లో సిఫారసుగా, 1974లో ప్రమాణంగా వచ్చింది. ఎక్స్ చుట్టూ తిరిగేది ఏ, వై చుట్టూ తిరిగేది బి, జెడ్ చుట్టూ తిరిగేది సి. కుడిచేతి బొటనవేలు అక్షం ప్లస్ వైపు పెడితే మిగతా వేళ్ళు ముడుచుకునే వైపు ప్లస్. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు తిరకాసు తర్వాతి వాక్యంలో ఉంది. ప్రోగ్రామర్ ఎప్పుడూ జాబ్ కదలకుండా ఉందనీ, పనిముట్టే దాని చుట్టూ తిరుగుతోందనీ అనుకోవాలి.

దీన్ని అర్థం చేసుకోవడానికి గుడికి వెళ్దాం. మనం గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తాం, దేవుడు కుడిచేతి వైపు ఉండేలా. ఇప్పుడు మనం ఒకచోట నిలబడిపోయి, గర్భగుడినే తిప్పారనుకోండి. మనం నడిచినప్పుడు ఏ వరసలో నాలుగు గోడలూ కనిపించాయో అదే వరసలో కనిపించాలంటే గుడిని ఎటు తిప్పాలి? మనం నడిచిన వైపుకి ఎదురుగా. మెషీనింగ్ సెంటర్లో చాలాసార్లు జరిగేది ఇదే. పనిముట్టు ఉన్నచోటే ఉంటుంది, బల్ల తిరుగుతుంది. కాబట్టి బి ప్లస్ అని రాస్తే, పైనుంచి చూసేవాడికి బల్ల గడియారం వైపు తిరుగుతుంది, కుడిచేతి సూత్రం చెప్పినదానికి ఎదురుగా. ప్రమాణంలో దీనికి అక్షరం పక్కన చిన్న గీత పెట్టి వేరే గుర్తు కూడా ఇచ్చారు. కానీ ప్రోగ్రాములో ఆ గీత రాయరు. ఎదురుగా నిలబడ్డ కొత్త ఆపరేటర్‌కి మాత్రం కాగితం ఒకవైపు, బల్ల ఇంకోవైపు వెళ్తున్నట్టు ఉంటుంది.

ఈలోగా ఏపీటీ మాటలు మెషీన్ దాకా చేరలేదు. మెషీన్‌కి చేరేది జి కోడ్. ఆర్ఎస్-274 అనీ, 1982 నుంచి ఐఎస్ఓ 6983 అనీ ప్రమాణాలున్న భాష. అందులో ఒక అక్షరం, ఒక గుర్తు, ఒక అంకె. 'ఇప్పుడున్న చోటు నుంచి ఇంత కదులు' అని చెప్పే జి91 పద్ధతిలో గొడవ లేదు, ప్లస్ అంటే ఇటు, మైనస్ అంటే అటు. కానీ అలా కూడుకుంటూ పోతే ఒక్కచోట తేడా వచ్చినా చివరిదాకా వెంటాడుతుంది. అందుకని 'ఫలానా చోటికి వెళ్ళు' అని చెప్పే జి90నే ఎక్కువగా వాడతారు. అక్కడ మైనస్ అంటే సున్నాకి అవతలి పక్కనున్న చోటు. మరి దిశ చెప్పడానికి ఏం మిగిలింది? ఏమీ మిగలలేదు. కంట్రోలర్ తయారుచేసేవాళ్ళు తలా ఒక దారి పట్టారు.

జపాన్ ఫానక్ కంట్రోలర్లలో 1008 నంబరు పారామీటర్‌లో కొన్ని బిట్లున్నాయి. ఒక బిట్ వేస్తే 360 దాటగానే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. పక్క బిట్ సున్నా అయితే దగ్గర దారి, ఒకటి అయితే అంకె ముందున్న గుర్తు చెప్పిన దారి. హైడెన్‌హైన్‌లో ఎం126 అని రాస్తే దగ్గర దారి, ఎం127 అంటే అది రద్దు. పళ్ళలో పళ్ళు కూర్చునే కొన్ని ఇండెక్స్ బల్లలకి, ఎదురువైపు తిరగాలంటే విడిగా ఒక ఎం కోడ్ ఇవ్వాలి. సీమెన్స్ వాళ్ళు మాత్రం ఏపీటీ దారికి తిరిగొచ్చారు. డీసీ అంటే దగ్గర దారి, ఏసీపీ అంటే ప్లస్ వైపు నుంచి, ఏసీఎన్ అంటే మైనస్ వైపు నుంచి, ప్రతి అంకెకీ విడిగా చెప్పుకోవచ్చు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే ముచ్చట ఒకటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్‌లో మొదలై, తర్వాత లైనక్స్‌సిఎన్‌సి పేరుతో అందరిదీ అయిన కంట్రోలర్ కోడ్‌ని ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులో తిరిగే అక్షానికి చుట్టు తిరిగే పద్ధతి పెట్టుకుంటే, గుర్తు దిశని చెప్తుంది, గుర్తు తీసేసిన అంకె చోటుని చెప్తుంది. అంటే బి-90 అంటే మైనస్ వైపుగా తిరిగి 90 దగ్గరికి చేరు అని. అదే దగ్గర దారి పద్ధతిలో ఉన్న వేరే కంట్రోలర్లో బి-90 అంటే 270 దగ్గరికి చేరు అని. ఒకే రాత, సగం చుట్టు తేడా! ఇంకో చిక్కు చూడండి. మైనస్ వైపుగా సున్నాకి చేరాలంటే ఏం రాయాలి? మైనస్ సున్నా. గణితంలో దానికి అర్థం లేదు. కానీ 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం కంప్యూటర్ దశాంశ సంఖ్యల్లో మైనస్ సున్నా వేరుగా ఉంటుంది, ఆ కోడ్‌లో గుర్తుని తెలుసుకోవడానికి వాడిన కాపీసైన్ అనే ఫంక్షన్ దాన్ని పట్టుకోగలదు. ఎందుకుందో తెలియక మనలో చాలామంది నవ్వుకున్న మైనస్ సున్నా, అక్కడ ఒక టన్ను బరువైన బల్లని ఎటు తిప్పాలో చెప్తోంది.

ఇదంతా చదువుకున్నవాళ్ళ సరదా కాదు. మా బాబాయి కొడుకు బాలానగర్లో ఒక చిన్న షాపులో సెట్టర్‌గా చేసేవాడు. షాపు పేరు అనవసరం. అక్కడ పాత మెషీన్ మీద ఏళ్ళ తరబడి నడిచిన ప్రోగ్రాముని, ఓనరు కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ మెషీన్ మీదకి మార్చారు. అందులో ఒక లైను జి90 జి0 బి270. పాత మెషీన్‌లో దగ్గర దారి బిట్ వేసి ఉంది, సున్నా నుంచి బల్ల వెనక్కి 90 డిగ్రీలు తిరిగేది. ఫిక్చర్‌కి వెళ్ళే హైడ్రాలిక్ గొట్టాన్ని ఆ 90కి సరిపడా వదులుతో కట్టారు. కొత్త మెషీన్‌లో గుర్తు చెప్పిన దారి. అది ముందుకి 270 తిరిగింది. గుంజకి కట్టిన ఆవు ఒకేవైపు తిరుగుతూ పోతే పలుపు ఏమవుతుందో గొట్టానికీ అదే అయింది. గొట్టం తెగింది, నూనె చిమ్మింది, జాబ్ వదులై కట్టర్ విరిగింది. వాడు డ్రై రన్ వేయకపోలేదు, కానీ అది గొట్టం బిగించక ముందు. రిపోర్టులో ఆపరేటర్ నిర్లక్ష్యం అని రాశారు, రెండు వారాల జీతం కోశారు. "అన్నయ్యా, నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు, అదే నా తప్పంట" అన్నాడు వాడు ఫోన్లో.

వాడి మాట పట్టుకుని ఈ చరిత్రని వెనక్కి చదవండి. రామ్స్‌డెన్ యంత్రంలో దిశ ఇనుములో ఉంది, అందరికీ కనపడేది. డివైడింగ్ హెడ్ దగ్గర పనివాడి చేతిలో ఉంది, బాధ్యత కూడా వాడిదే, న్యాయమే. ఏపీటీలో ప్రోగ్రామర్ రాతలో ఉంది. ఇప్పుడు ఒక పారామీటర్ బిట్‌లో ఉంది. దాన్ని మెషీన్ బిగించిన రోజున ఎవరో వేసి వెళ్ళారు. ప్రోగ్రాములో అది కనపడదు, డ్రాయింగులో కనపడదు, చాలా షాపుల్లో ఆపరేటర్‌కి ఆ పేజీ తెరిచే అనుమతి కూడా ఉండదు. నిర్ణయం వాడి చేతిలోంచి జరుగుతూ జరుగుతూ వాడికి కనపడనంత దూరం వెళ్ళిపోయింది. బాధ్యత మాత్రం అంగుళం కూడా జరగలేదు, వాడి దగ్గరే ఉంది.

ఇక్కడ మెషీన్లని తిట్టి లాభం లేదు. దగ్గర దారి చెడ్డదేం కాదు, వేగంగా పని అవుతుంది. గుర్తు దారీ చెడ్డది కాదు, బ్యాక్‌లాష్ ఉన్న పాత బల్లని ఎప్పుడూ ఒకేవైపు నుంచి తేవాలంటే అదే కావాలి. రాయకుండా వదిలేసిన నిర్ణయాన్ని రాసినట్టుగా చలామణి చేయడమే చెడ్డది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే జబ్బు. డిఫాల్ట్ అని ఒక ముద్దు పేరు పెట్టి ఎన్ని నిర్ణయాలు ఇలా దాచేస్తామో! తేడా ఏమిటంటే మా డిఫాల్ట్ తప్పితే ఎక్కువసార్లు తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. అక్కడ గొట్టాలు తెగుతాయి, వేళ్ళు పోతాయి.

ఈ టపా చదివేవాళ్ళలో మెషీన్లు కొనేవాళ్ళు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఉంటే ఒక చిన్న మనవి. మాటల్లో దిశ చెప్పే వీలున్న కంట్రోలర్ అయితే మాటల్లోనే చెప్పండి. లేకపోతే ప్రోగ్రాము మొదట్లో ఒక వ్యాఖ్యగానైనా రాయండి, ఈ మెషీన్‌లో బల్ల దగ్గర దారిన వెళ్తుందనో, గుర్తు చెప్పిన దారిన వెళ్తుందనో. కొత్త మెషీన్ వచ్చిన రోజున ఖాళీ బల్లని 350కి తెచ్చి 10 అని కొట్టి చూడండి. తర్వాత సున్నా నుంచి 270, ఆ తర్వాత మైనస్ 90. మూడు లైన్లు, ఐదు నిమిషాల పని. ఎటు తిరిగిందో ఒక కాగితం మీద బాణం గీసి మెషీన్ తలుపుకి అంటించండి. ఆపరేటర్‌కి పారామీటర్ మార్చే హక్కు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ పేజీ చూసే హక్కు ఇవ్వండి. అది కూడా ఇవ్వని చోట గొట్టం తెగితే, జీతం కోయాల్సింది వాడిది కాదు.